ఆబ్జెక్టుల జాబితాను ఒక ఫీల్డు ఆధారంగా వరుసలో పెట్టడం ఎలా?

మీ ప్రోగ్రాములో నదుల జాబితా ఒకటి ఉందనుకోండి. ప్రతి నదికీ పేరు, కిలోమీటర్లలో పొడవు, పుట్టిన రాష్ట్రం అనే మూడు వివరాలు ఉన్నాయి. ఇక్కడ ఒక్కొక్క నది ఒక ఆబ్జెక్టు, దానిలోని ఒక్కొక్క వివరం ఒక ఫీల్డు. వాటిని పొడవును బట్టి పొట్టి నది మొదలుకొని పొడుగు నది దాకా వరుసలో పెట్టడానికి పైథాన్‌లో ఒక్క పంక్తి చాలు. అయినా ఆ పంక్తి రాసి, ప్రోగ్రాము ఎక్కడా ఆగకుండా నడిచాక, తెరమీద కృష్ణా గోదావరులు వంశధార కంటే ముందు వచ్చి కూర్చోవడం నేను చూశాను. వరుస పెట్టడంలో కంప్యూటరు పొరబడదు, మనం దేన్ని దేనితో పోల్చమన్నామో దాన్నే అది పోలుస్తుంది. అందువల్ల ఈ వ్యాసంలో సార్టింగ్ అల్గారిథమ్‌ల గురించి కాకుండా, పోల్చవలసిన విలువను సరిగ్గా ఎంచుకొని, సరిగ్గా అందించడం గురించే ఎక్కువగా చెబుతాను.

ఒక మాట ముందుగా. కింద కోడు పంక్తులను కూడా తెలుగు లిపిలోనే రాశాను. వాటిలో సార్టెడ్, కీ, లాంబ్డా, రివర్స్, ట్రూ వంటి పైథాన్ సొంత మాటలను మీరు ఎడిటర్‌లో మామూలుగా ఇంగ్లీషు అక్షరాలతోనే టైపు చేయాలి. నదులు, పేరు, పొడవు వంటి మనం పెట్టుకున్న పేర్లను మాత్రం తెలుగులోనే ఉంచవచ్చు, ఎందుకంటే పైథాన్ 3 వేరియబుల్ పేర్లలో తెలుగు అక్షరాలను, గుణింతపు గుర్తులను, పొల్లును కూడా అంగీకరిస్తుంది. అయితే పొల్లు తరువాతి అక్షరం ఒత్తుగా మారకుండా మనం టైపు చేసే కంటికి కనిపించని అక్షరాన్ని వేరియబుల్ పేరులో పెడితే అంగీకరించదు.

మనం వాడే జాబితా

నది అనే క్లాసును, అంటే నది ఆబ్జెక్టులన్నిటికీ ఒక అచ్చును, తయారు చేసుకోండి. అందుకు డేటాక్లాస్ అన్నిటికంటే తేలిక, పైథాన్ 3.7 నుంచి అది అందుబాటులో ఉంది. క్లాసులో పేరు, పొడవు, రాష్ట్రం అనే మూడు ఫీల్డులు పెట్టి, ఈ ఏడు నదులను ఏ వరుసా పాటించకుండా జాబితాలో చేర్చండి: పెన్నా 597, కర్ణాటక; గోదావరి 1465, మహారాష్ట్ర; వంశధార 254, ఒడిశా; తుంగభద్ర 531, కర్ణాటక; కృష్ణ 1400, మహారాష్ట్ర; నాగావళి 256, ఒడిశా; మంజీర 724, మహారాష్ట్ర. ఇవి సాధారణంగా చెప్పుకొనే పొడవులు. తుంగభద్ర 531 కిలోమీటర్లు అన్నప్పుడు తుంగ, భద్ర కలిసిన కూడలి నుంచి లెక్కిస్తున్నామని గుర్తుంచుకోండి.

ఇప్పుడు ఏ సూచనా లేకుండా ఈ జాబితాను సార్టెడ్ ఫంక్షన్‌కు ఇచ్చి చూడండి. టైప్ ఎర్రర్ వస్తుంది. ఒక నది ఇంకో నది కంటే చిన్నదా అని పైథాన్ అడుగుతోంది, మనం మాత్రం ఆ ప్రశ్నకు జవాబు ఎక్కడా చెప్పలేదు. నది అన్నప్పుడు పేరును పోల్చాలా, పొడవును పోల్చాలా అన్నది దానికి తెలిసే దారి లేదు. ఈ దోషం నిజానికి మనకు మేలు చేసేది, ఎందుకంటే ఊహించి ఏదో ఒక వరుసలో పెట్టేయడం కంటే ఆగిపోయి అడగడమే నయం.

డేటాక్లాస్‌కు ఆర్డర్ అనే సూచనను ట్రూ అని ఇస్తే ఈ దోషం మాయమవుతుంది. కొందరు అక్కడితో పని అయిపోయిందనుకుంటారు. కానీ అప్పుడు ఫీల్డులను మీరు క్లాసులో రాసిన వరుసలోనే పోలుస్తుంది కాబట్టి, మొదట రాసిన పేరును బట్టి అమరిక జరుగుతుంది. పొడవును బట్టి కావాలని ఫీల్డుల స్థానాలు మార్చడం, తలుపుకు సరిపోవడం లేదని గోడను జరపడం వంటిది. ఒకే జాబితాను ఈరోజు పొడవును బట్టి, రేపు పేరును బట్టి వరుస పెట్టవలసి వస్తుంది కాబట్టి, పోలిక ఎలా జరగాలన్నది క్లాసులో కాక, వరుస పెట్టే చోటనే చెప్పడం మంచిది.

మొదటి పని: ఫీల్డులో ఉన్నది సంఖ్యా, అక్షరాలా?

కోడు రాయకముందే చేయవలసిన పని ఇది. చాలామంది దీన్ని చివర, అది కూడా తప్పు బయటపడ్డాక చేస్తారు. సీఎస్‌వీ ఫైలు (విలువలను కామాలతో విడదీసి రాసిన ఫైలు) నుంచి చదివినా, వెబ్ ఫారమ్ నుంచి తీసుకున్నా, సంఖ్యలు చాలాసార్లు స్ట్రింగ్‌ల (అక్షరాల వరుసల) రూపంలోనే వస్తాయి. పైథాన్‌లోని సీఎస్‌వీ రీడర్ మామూలుగా ప్రతి గడినీ స్ట్రింగ్‌గానే ఇస్తుంది. తెరమీద చూస్తే 1465 అనే సంఖ్యకూ, అవే నాలుగు అంకెలున్న స్ట్రింగ్‌కూ తేడా కనిపించదు.

స్ట్రింగ్‌లను పోల్చేటప్పుడు మొదటి అక్షరంతో మొదటి అక్షరాన్ని, అవి సమానమైతే రెండోదానితో రెండోదాన్ని పోలుస్తారు. అందువల్ల పై పొడవులు స్ట్రింగ్‌లుగా ఉంటే వచ్చే వరుస 1400, 1465, 254, 256, 531, 597, 724 అవుతుంది. ఒకటి అనే అంకె రెండు కంటే చిన్నది కాబట్టి కృష్ణా గోదావరులు ముందుకు వచ్చేశాయి. పెన్నా, తుంగభద్ర, మంజీరల వంటి మూడంకెల సంఖ్యలు మాత్రమే ఉన్న జాబితాలో ఈ తప్పు కనిపించదు సుమా. అంకెల సంఖ్య ఒకటే అయినంతకాలం అక్షర వరుస, సంఖ్యా వరుస ఒకేలా ఉంటాయి. పరీక్షకు పెట్టుకున్న చిన్న జాబితాలో అంతా సవ్యంగా నడిచి, అసలు సమాచారం వచ్చిన రోజున వరుస చెడిపోవడానికి తరచుగా కారణం ఇదే.

దీనికి మందు, సమాచారం లోపలికి వచ్చే గుమ్మం దగ్గరే ఇంట్ (పూర్ణ సంఖ్య) లేదా దశాంశ సంఖ్యలకు వాడే ఫ్లోట్‌గా మార్చడం. కింద చెప్పబోయే కీ ఫంక్షన్ లోపల మార్చినా పని జరుగుతుంది గానీ, అప్పుడు ఆ ఫీల్డును వాడే ప్రతిచోటా మార్చడం గుర్తుంచుకోవాలి. మార్చేటప్పుడు 1,465 అని కామాతో రాసిన విలువలను ఇంట్ అంగీకరించదు. మన పద్ధతిలో 1,25,000 అని రాసిన సొమ్ము కూడా అంతే, ముందు కామాలను తొలగించాలి. ఒక సరదా విషయం ఏమిటంటే, ౧౪౬౫ అని తెలుగు అంకెల్లో రాసిన స్ట్రింగ్‌ను ఇంట్‌కు ఇస్తే ఏ ఫిర్యాదూ లేకుండా 1465 అనే సంఖ్యను తిరిగి ఇస్తుంది.

తేదీల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. రోజు, నెల, సంవత్సరం అనే మన అలవాటు వరుసలో స్ట్రింగ్‌గా రాసిన తేదీలను సార్ట్ చేస్తే, అన్ని నెలల ఒకటో తేదీలూ ముందు, రెండో తేదీలు ఆ తరువాత వస్తాయి. తేదీని డేట్ ఆబ్జెక్టుగా మార్చుకోవాలి, లేదా కనీసం 2024-11-05 లాగా సంవత్సరం, నెల, రోజు వరుసలో, రెండేసి అంకెలు తప్పకుండా నింపి రాయాలి. అలా రాసినప్పుడు అక్షర వరుస కాలక్రమంతో సరిపోతుంది.

రెండో పని: కీ ఇవ్వడం

ఇక అసలు పంక్తి:

వరుస = సార్టెడ్(నదులు, కీ=లాంబ్డా న: న.పొడవు)

ఇక్కడ కీ అంటే ఒక ఫంక్షన్. జాబితాలోని ఒక్కొక్క నదినీ తీసుకొని, ఆ నది తరఫున పోలికకు నిలబెట్టవలసిన విలువను ఇవ్వడం దాని పని. లాంబ్డా అంటే పేరు పెట్టకుండా అక్కడికక్కడే రాసుకున్న చిన్న ఫంక్షన్. నదులు ఎక్కడివక్కడే ఉంటాయి, పోలిక మాత్రం వాటి పొడవుల మధ్య జరుగుతుంది. ఫలితంగా వంశధార, నాగావళి, తుంగభద్ర, పెన్నా, మంజీర, కృష్ణ, గోదావరి అనే వరుస వస్తుంది. మీకు అందేది పొడవుల జాబితా కాదు, పూర్తి ఆబ్జెక్టుల జాబితా. కొత్తగా నేర్చుకునేవారు పొడవులను వేరే జాబితాలోకి తీసి, వాటిని సార్ట్ చేసి, ఏ పొడవు ఏ నదిదో మళ్ళీ వెతుక్కోవడం చూస్తుంటాం. ఆ శ్రమ అవసరం లేదు, రెండు నదుల పొడవు ఒకటే అయితే ఆ పద్ధతి తప్పు ఫలితాన్ని కూడా ఇస్తుంది.

లాంబ్డాకు బదులు ఆపరేటర్ మాడ్యూల్‌లోని అట్రిబ్యూట్ గెటర్ వాడవచ్చు. మీ జాబితాలో ఉన్నవి క్లాసు ఆబ్జెక్టులు కాక డిక్షనరీలు (పేరు, విలువల జంటలు) అయితే ఐటమ్ గెటర్ వాడాలి. వీటి మధ్య తేడా చదవడంలో సౌలభ్యమే గానీ ఫలితంలో కాదు. నాకైతే లాంబ్డాయే ఇష్టం, ఏ ఫీల్డును చూస్తున్నామో ఆ పంక్తిలోనే కనిపిస్తుంది.

కీ ఫంక్షన్‌ను పైథాన్ ఒక్కొక్క ఆబ్జెక్టుకు ఒక్కసారే పిలుస్తుందన్నది తెలుసుకోదగ్గ విషయం. లక్ష ఆబ్జెక్టులు చిందరవందరగా ఉంటే వాటిని వరుసపెట్టడానికి పదహారు, పదిహేడు లక్షల దాకా పోలికలు పట్టవచ్చు, కీ లెక్క మాత్రం లక్షసార్లే జరుగుతుంది. అందువల్ల కీ ఫంక్షన్‌లో కొంత పని పెట్టినా భయపడనక్కరలేదు. పైథాన్ వాడే టిమ్‌సార్ట్‌ను 2002లో టిమ్ పీటర్స్ రూపొందించారు. అప్పటికే వరుసలో ఉన్న ముక్కలను గుర్తించి వాడుకోవడం దాని ప్రత్యేకత కాబట్టి, ముందే వరుసలో ఉన్న లక్ష వస్తువుల జాబితాను ఇస్తే 99,999 పోలికలతో పని ముగిస్తుంది.

సార్టెడ్ వేరు, సార్ట్ వేరు

సార్టెడ్ అనే ఫంక్షన్ కొత్త జాబితాను తయారు చేసి ఇస్తుంది, పాతది చెక్కుచెదరదు. నదులు.సార్ట్ అనే మెథడ్ (జాబితాకే చెందిన ఫంక్షన్) ఉన్న జాబితానే మార్చివేసి, మనకు నన్ అనే శూన్య విలువను ఇస్తుంది. ఈ రెంటినీ కలగలిపి, నదులు = నదులు.సార్ట్(...) అని రాసినవారికి జాబితా మొత్తం పోయి, దాని స్థానంలో నన్ మిగులుతుంది. జాబితాను ఇంకెవరైనా, అంటే ప్రోగ్రాములోని ఇంకో భాగం, వాడుతున్నప్పుడు సార్టెడ్ వాడటమే క్షేమం.

మూడో పని: దిశ, సమాన విలువలు

పెద్దది ముందు రావాలంటే రివర్స్=ట్రూ అని చేర్చండి. సంఖ్యల విషయంలో కీలోనే మైనస్ గుర్తు పెట్టి, మైనస్ న.పొడవు అని ఇచ్చినా అదే వరుస వస్తుంది. స్ట్రింగ్‌కు మైనస్ పెట్టడం కుదరదు కాబట్టి పేర్ల విషయంలో రివర్సే తేలిక దారి.

పోల్చే విలువ ఇద్దరికి ఒకటే అయితే ఎవరు ముందు అన్న ప్రశ్న ఇక్కడ వస్తుంది. రాష్ట్రాన్ని బట్టి సార్ట్ చేస్తే గోదావరి, కృష్ణ, మంజీర మూడింటికీ మహారాష్ట్ర అనే విలువే ఉంటుంది. పైథాన్ సార్ట్ స్థిరమైనది, అంటే కీలు సమానమైనప్పుడు ఆబ్జెక్టులు అంతకుముందు జాబితాలో ఏ వరుసలో ఉన్నాయో అదే వరుసలో ఉంచుతుంది. రివర్స్ ఇచ్చినప్పుడు కూడా ఈ హామీ నిలుస్తుంది. ఈ గుణాన్ని ఆసరాగా చేసుకొని రెండు ఫీల్డులతో వరుస పెట్టవచ్చు. రాష్ట్రాలవారీగా, ప్రతి రాష్ట్రంలోనూ పొడుగు నది ముందు రావాలంటే, మొదట పొడవును బట్టి రివర్స్‌లో సార్ట్ చేసి, వచ్చిన జాబితాను రాష్ట్రాన్ని బట్టి మరోసారి సార్ట్ చేయండి. ముఖ్యమైన ఫీల్డు చివర రావాలన్నది మరిచిపోకండి, ఇది మొదట్లో తలకిందులుగా అనిపిస్తుంది. వచ్చే ఫలితం ఇలా ఉంటుంది: ఒడిశాలో పుట్టిన నాగావళి, వంశధార, కర్ణాటకలో పుట్టిన పెన్నా, తుంగభద్ర, మహారాష్ట్రలో పుట్టిన గోదావరి, కృష్ణ, మంజీర.

ఇదే పనిని ఒకే పంక్తిలో చేయాలంటే కీ నుంచి ట్యూపుల్, అంటే బ్రాకెట్లలో వరుసగా రాసిన విలువల గుంపు, ఇవ్వాలి:

వరుస = సార్టెడ్(నదులు, కీ=లాంబ్డా న: (న.రాష్ట్రం, -న.పొడవు))

ట్యూపుల్‌లోని మొదటి విలువలు సమానమైతేనే రెండోవాటిని పోలుస్తుంది. రెండు ఫీల్డుల దిశ ఒకటే అయినా, లేదా వేరే దిశ కావలసినది సంఖ్య అయినా ఇది సరిపోతుంది. రాష్ట్రాల పేర్లే వెనుక నుంచి ముందుకు రావాలి, పొడవులు మాత్రం చిన్నదాని నుంచి పెద్దదాకా ఉండాలి అన్నప్పుడు పొడవుకు మైనస్ పెట్టి మొత్తానికి రివర్స్ ఇవ్వవచ్చు గానీ, చదివేవారికి రెండు విడతల పద్ధతే స్పష్టంగా ఉంటుంది.

నాలుగో పని: ఖాళీ గడులు

ఇప్పుడు జాబితాలో మూసీని చేర్చండి. రాష్ట్రం తెలంగాణ. పొడవు ఇంకా నమోదు కాలేదు కాబట్టి ఆ ఫీల్డులో నన్ ఉంచండి. వెంటనే పొడవును బట్టి సార్ట్ చేస్తే మళ్ళీ టైప్ ఎర్రర్. పైథాన్ 2 రోజుల్లో శూన్య విలువను అన్నిటికంటే చిన్నదిగా ఎంచి మాట్లాడకుండా ముందు పెట్టేది. 2008లో వచ్చిన పైథాన్ 3 నుంచి ఆ పోలికను నిరాకరిస్తోంది.

చాలామంది ఇక్కడ నన్ ఉన్నచోట సున్న వేసి ముందుకు సాగుతారు. అది నాకు నచ్చని పద్ధతి. పొడవు తెలియని నది సున్న కిలోమీటర్ల నది కాదు, ఆ సున్న రేపు సగటు లెక్కలోకో మొత్తం లెక్కలోకో జారిపోతుంది. దానికి బదులు కీలో ఇంకో విలువను ముందు చేర్చండి:

వరుస = సార్టెడ్(నదులు, కీ=లాంబ్డా న: (న.పొడవు ఈజ్ నన్, న.పొడవు))

పొడవు ఉన్న నదులకు మొదటి విలువ ఫాల్స్, లేనివాటికి ట్రూ అవుతుంది. ఫాల్స్ ట్రూ కంటే చిన్నది కాబట్టి పొడవు లేనివన్నీ చివరకు చేరతాయి. పొడవు లేని నదులు రెండు ఉంటే నన్‌ను నన్‌తో పోల్చవలసి వస్తుంది కదా అని మీకు సందేహం రావచ్చు. ట్యూపుల్‌లను పోల్చేటప్పుడు పైథాన్ మొదట ఎక్కడ తేడా ఉందో వెతుకుతుంది, నన్, నన్ సమానమే కాబట్టి వాటి మధ్య చిన్నాపెద్దా ప్రశ్నే రాదు.

పెద్దది ముందు కావాలని ఈ పంక్తికే రివర్స్ చేరిస్తే మాత్రం ఖాళీలు ముందుకు వచ్చేస్తాయి. అప్పుడు తెలివితేటలన్నీ ఒకే పంక్తిలో కుక్కే బదులు, పొడవు ఉన్నవాటిని ఒక జాబితాగా, లేనివాటిని ఇంకో జాబితాగా విడదీసి, మొదటిదాన్ని వరుస పెట్టి, రెండోదాన్ని దాని చివర కలపండి. రెండు పంక్తులు ఎక్కువైనా ఆరు నెలల తరువాత చదివినా అర్థమవుతుంది.

ఇంతకంటే ప్రమాదకరమైన ఖాళీ ఇంకొకటి ఉంది. ఫ్లోట్ విలువల్లో సంఖ్య కానిదాన్ని సూచించే నాన్ అనే విలువ వస్తే దోషమేదీ రాదు. దాన్ని దేనితో పోల్చినా 'కాదు' అనే జవాబే వస్తుంది, దానితో తానే సమానం కాదు. అటువంటి విలువ జాబితాలో ఒక్కటి ఉన్నా చుట్టుపక్కల సరైన సంఖ్యల వరుస కూడా చెడిపోవచ్చు. సార్ట్ చేయడానికి ముందే వాటిని ఏరివేయాలి.

తెలుగు పేర్లను వరుస పెట్టడం

పేరును బట్టి సార్ట్ చేస్తే మన నదులు కృష్ణ, గోదావరి, తుంగభద్ర, నాగావళి, పెన్నా, మంజీర, మూసీ, వంశధార అని చక్కగా వస్తాయి. ఇది కాకతాళీయం కాదు. పైథాన్ స్ట్రింగ్‌లను యూనికోడ్ సంఖ్యలను, అంటే ఆ ప్రమాణం ప్రతి అక్షరానికీ కేటాయించిన సంఖ్యలను, బట్టి పోలుస్తుంది, యూనికోడ్‌లో తెలుగు అక్షరాలకు సంఖ్యలు దాదాపు వర్ణమాల వరుసలోనే ఇచ్చారు. అనుస్వారపు సున్న (ం) సంఖ్య హల్లుల కంటే ముందుండడం వల్ల కం తో మొదలయ్యే మాటలు కక కంటే ముందు వస్తాయి, గుణింతపు గుర్తులు హల్లుల తరువాత ఉండడం వల్ల కమల తరువాతే కాంత వస్తుంది, పొల్లు గుణింతాల తరువాత ఉండడం వల్ల క్రాంతి వంటి మాటలు కౌముది తరువాత వస్తాయి. నిఘంటువు తిరగేసే అలవాటున్నవారికి ఇది తెలిసిన వరుసే.

దాదాపు అన్నాను. బడిలో నేర్చుకున్న వర్ణమాలలో ల తరువాత వ, శ, ష, స, హ వచ్చి, ఆ తరువాతే ళ వస్తుంది, ఱ చివరన ఉంటుంది. యూనికోడ్‌లో మాత్రం ఱ సంఖ్య 3121, ల 3122, ళ 3123, వ 3125. శ్రీకాకుళం జిల్లా ఊళ్ళ జాబితాను పేరును బట్టి సార్ట్ చేసి చూడండి. వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం ముందు వచ్చి, కవిటి దాని తరువాత వస్తుంది. వర్ణమాల ప్రకారం కవిటి ముందుండాలి.

దీనికి ఒక చిన్న ఉపాయం ఉంది. హ సంఖ్య 3129, దీర్ఘపు గుర్తు సంఖ్య 3134. హ తరువాతి 3130, 3131 అనే రెండు స్థానాలను యూనికోడ్ ఏ అక్షరానికీ ఇవ్వలేదు. కీ ఫంక్షన్‌లో పేరును తీసుకొని, ళ ఉన్నచోట 3130 సంఖ్య గల అక్షరాన్ని, ఱ ఉన్నచోట 3131 సంఖ్య గల అక్షరాన్ని రీప్లేస్ మెథడ్‌తో పెట్టి ఇవ్వండి. సంఖ్య నుంచి అక్షరాన్ని తెచ్చే ఫంక్షన్ పైథాన్‌లో ఉంది, సీహెచ్ఆర్ అని మూడక్షరాలతో రాస్తారు. ఇలా మార్చినది పోలికకు మాత్రమే, అసలు పేరు మారదు. క్ష ను విడి అక్షరంగా చివర పెట్టే వర్ణమాలలు ఉన్నా, పేర్ల జాబితాలో క్ష తో మొదలయ్యేవాటిని అందరూ క కిందే వెతుకుతారు కాబట్టి దాన్ని కదిలించనక్కరలేదు. తెలుగుతో పాటు వేరే భాషల పేర్లు కూడా పద్ధతిగా రావాలంటే ఈ ఉపాయం చాలదు. యూనికోడ్ పనులకు వాడే ఐసీయూ లైబ్రరీని పైథాన్‌కు అందించే పై ఐసీయూ ప్యాకేజీలో భాషను బట్టి వరుసపెట్టే కొలేటర్ ఉంది, దాన్ని ఆశ్రయించాలి.

పేర్లలో ఇంకో చిక్కు కంటికి కనిపించనిది. ఐత్వపు గుర్తును యూనికోడ్‌లో ఒకే అక్షరంగానూ, రెండు అక్షరాల జంటగానూ దాచవచ్చు. కైకలూరు అనే పేరు రెండు ఫైళ్ళ నుంచి రెండు రకాలుగా వస్తే, తెరమీద ఒకేలా కనిపిస్తూనే వేర్వేరు పేర్లుగా లెక్కకు వస్తుంది. యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లోని నార్మలైజ్ ఫంక్షన్‌తో అన్నిటినీ ఒకే రూపానికి తెచ్చుకోండి. కాపీ చేసి అతికించిన పేర్ల ముందు ఖాళీ ఉంటే ఆ పేరు జాబితా మొదటికి ఎగబాకుతుంది, ఖాళీ సంఖ్య 32 మాత్రమే కాబట్టి. స్ట్రిప్ మెథడ్ దాన్ని తొలగిస్తుంది గానీ, పొల్లు తరువాత వచ్చే 8204 సంఖ్య గల అదృశ్య అక్షరాన్ని తొలగించదు. దాన్ని కీలో విడిగా తీసివేయాలి. తెలుగు, ఇంగ్లీషు పేర్లు కలిసి ఉంటే ఇంగ్లీషువి ముందు వస్తాయి, వాటిలోనూ పెద్ద అక్షరాలవి ముందు, చిన్న అక్షరాలవి తరువాత. కేస్‌ఫోల్డ్ మెథడ్‌తో ఆ తేడాను చెరపవచ్చు.

వేరే భాషల్లో రాసేవారికి

జావాలో ఈ పనికి కంపారేటర్, అంటే రెండు ఆబ్జెక్టులను పోల్చి ఏది ముందో చెప్పేది, వాడాలి. 2014లో వచ్చిన జావా 8 నుంచి కంపారేటర్ కంపేరింగ్ అనే రూపంలో ఫీల్డును సూచిస్తే సరిపోతుంది, దాని చివర దెన్ కంపేరింగ్ చేర్చి రెండో ఫీల్డును, నల్స్ లాస్ట్ వాడి ఖాళీలను చూసుకోవచ్చు. పాత అలవాటు కొద్దీ రెండు సంఖ్యలను తీసివేసి ఆ తేడాను తిరిగి ఇవ్వకండి. ఇంట్ పరిమితి 2,147,483,647 దాటితే తేడా గుర్తు తలకిందులవుతుంది.

జావాస్క్రిప్ట్‌లో సార్ట్ మెథడ్‌కు ఏ ఫంక్షనూ ఇవ్వకపోతే సంఖ్యలను కూడా స్ట్రింగ్‌లుగా మార్చి పోలుస్తుంది, 10 వచ్చి 9 కంటే ముందు నిలబడుతుంది. మీరిచ్చే ఫంక్షన్ అవును, కాదు అని కాక, రుణ సంఖ్య, సున్న, ధన సంఖ్య అనే మూడింటిలో ఒకటి తిరిగి ఇవ్వాలి. సార్ట్ స్థిరంగా ఉండాలన్న నియమం ఆ భాష ప్రమాణంలోకి 2019లోనే వచ్చింది. అంతకుముందు క్రోమ్‌లోని వీ8 ఇంజన్, పదికి మించిన వస్తువులున్న జాబితాలకు స్థిరత్వం లేని పద్ధతిని వాడేది. సీ షార్ప్‌లో లిస్ట్ సార్ట్ స్థిరమైనది కాదు, ఆర్డర్ బై స్థిరమైనది. సమాచారం డేటాబేస్ నుంచే వస్తుంటే, ముఖ్యంగా లక్షల వరుసల్లో మొదటి ఇరవై మాత్రమే కావలసినప్పుడు, ఎస్‌క్యూఎల్‌లోని ఆర్డర్ బైతో అక్కడే వరుస పెట్టించుకోవడం మేలు.

చివరి పని: సరిచూడడం

వచ్చిన జాబితాలో ఆబ్జెక్టుల సంఖ్య ఇచ్చిన సంఖ్యతో సరిపోయిందా అని చూడండి. పొడవు ఉన్న నదుల్లో పక్కపక్కనున్న ప్రతి జంటలోనూ మొదటిదాని పొడవు రెండోదాని పొడవు కంటే ఎక్కువ కాలేదని ఒక చిన్న లూపుతో పరీక్షించండి. అయితే ఈ రెండు పరీక్షలూ స్ట్రింగ్‌ల తప్పును పట్టుకోలేవు, ఎందుకంటే పరీక్ష కూడా ఆ స్ట్రింగ్‌లనే పోల్చి అంతా సవ్యమేనంటుంది. అందుకని మీకు ముందే జవాబు తెలిసిన ఆబ్జెక్టులు రెండింటిని ఎంచుకోండి. వాటిలో ఒకదాని విలువలో అంకెలు ఎక్కువ ఉండాలి, పైగా దాని మొదటి అంకె రెండోదాని మొదటి అంకె కంటే చిన్నది కావాలి. మన జాబితాలో అవి గోదావరి, వంశధార. పొట్టిదాని నుంచి పొడుగుదాకా వరుస పెట్టినప్పుడు, పొడవున్న నదుల్లో వంశధార మొదట, గోదావరి చివర రాకపోతే, కోడును వెతకడం ఆపి ఆ ఫీల్డు టైపు ఏమిటో ముద్రించి చూడండి.